ఒక కూరగాయ ఎక్కువ

1. సోమవారం, పొద్దున

అత్తగారు మళ్ళీ అలిగింది. లంకలు మునిగాక మేం కాపురముంటున్న తెప్ప మీద కుళాయిలన్నీ ఒక్కసారిగా దగ్గి ఊరుకున్నాయి. బిందెలు పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ళందరూ కుళాయి వైపు కాకుండా నా వైపు చూశారు. నీళ్ళ కాపరిని కాబట్టి తిట్లన్నీ నాకే.

అత్తగారంటే మా నీళ్ళ యంత్రం. ఇళ్ళలో వాడి పారబోసిన నీళ్ళన్నీ లాక్కుని, కడిగి, మళ్ళీ తాగే నీళ్ళు చేసి తలకింతని పంచుతుంది. ఎవరెంత తాగారో, ఎవరు స్నానం ఎగ్గొట్టారో అన్నీ కనిపెడుతుంది. ఆ పేరు అందుకే పెట్టారు. ఇవాళ తెర మీద ఎర్రగా ‘దోషం 41’ అని ఒక్క ముక్క చూపించి మూతి ముడుచుకుంది. నలభై ఒకటంటే ఏమిటో దాన్ని చేసినవాళ్ళకే తెలియాలి. ఆ కంపెనీ మా లంకల కంటే ముందే మునిగిపోయింది.

తెప్ప పెద్ద ఏడుకొండలు బాబాయ్ ఖాళీ బిందె నా కాళ్ళ దగ్గర పెట్టాడు.

“ఏంటి నాంచారీ, నెలనుంచీ ఇదే తంతు. మొన్నా ఇంతే, అటుమొన్నా ఇంతే. మాకు దాహాలెయ్యవనుకుంటందా నీ యంత్రం?”

“నా యంత్రమేంటి బాబాయ్? మన యంత్రం.”

“పనిచేస్తే మనది. ఆగితే నీది.”

యంత్రాన్ని ఆపి, మళ్ళీ వేసి, బతిమాలి, ఒకసారి కాలితో తన్ని, ఎలాగో మధ్యాహ్నానికి నీళ్ళు తెప్పించాను. అప్పటికి పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఒక్కరైనా ‘నువ్వు తిన్నావా’ అని అడగలేదు.

2. సోమవారం, సాయంత్రం

తెర మీద అన్ని తెప్పలకూ కలిపి ఉండే గోడ మీద ఫిర్యాదు పెట్టాను. ఏ తెప్ప యంత్రం పాడైనా మొరపెట్టుకునేది అక్కడే. బాగుచేసేది కూడా తక్కిన తెప్పల కాపరులే. ఒకరు పెట్టింది అందరూ చదవచ్చు, అందరూ సలహాలివ్వచ్చు. ఆ రెండో పని మాత్రం అందరూ చేస్తారు.

ఒకాయన మా యంత్రం భేషుగ్గా ఉందన్నాడు. నేను అడిగానా? ఒకావిడ ఆపి మళ్ళీ వేసి చూడమంది. ఇంకొకడు ఏడేళ్ళ కిందటి ఫిర్యాదు ఒకటి చూపించి అందులో చదువుకోమన్నాడు. అందులో కూడా ఎవరో ఇంకో ఫిర్యాదు చదువుకోమన్నారు.

ఉత్తరాన ఎక్కడో ఉండే నూకరాజు అనే ఆయన ఈ యంత్రాలను నడిపించే లోపలి రాతంతా తెలిసిన మనిషి. ఆయన రాయడు, మాట్లాడి పంపుతాడు.

“ఏటమ్మా, లాగు నేకండా రోగం ఏటో సెప్పమంటే నానేటి సోదె సెప్తానా? లాగు ఎట్టు, అప్పుడు సూద్దుం.” లాగ్ అంటే యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా.

మర్యాదగా పలకరించింది ఫణికుమార్ అనే కాపరి ఒక్కడే. “నమస్కారం అక్కా. కంగారుపడకండి. ఒక్క వరుస కూడా తీసేయకుండా పూర్తి లాగ్ పెట్టండి. నేను కూర్చుని చూసిపెడతాను.”

ప్రాణం లేచొచ్చింది. లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారు అనుకున్నాను.

3. మంగళవారం

ఇన్నేళ్ళు కాపరి పని చేశాను గాని అత్తగారి లాగ్ ఏనాడూ తెరిచి చదవలేదు. ఇవాళ చదివాను. చదివి చేతులు కడుక్కున్నాను.

అందులో లేనిది లేదు. ఎవరు ఏ వేళ లేచారు, ఎవరు ఎన్నిసార్లు దొడ్డికి వెళ్ళారు, ఎవరి ఒంట్లో చక్కెర ఉంది, ఎవరు సారా తాగి మానేశానని ఒట్టేస్తున్నారు, ఎవరి మొగుడి స్నానం ఎవరి ఇంట్లో జరిగింది. ప్రతి వరుసలో ముందు పేరు, పక్కన ఏవో అంకెలు, తర్వాత సంగతి. దీన్ని ఉన్నది ఉన్నట్టు గోడకెక్కిస్తే మా తెప్ప పరువు నూరు తెప్పల్లో ఆరేసినట్టే. యంత్రం ఆగిందంటే ఇంతమంది పడకగది చూపించాలా? ఒళ్ళు మండిపోయింది.

పేర్లన్నీ నల్లగా కొట్టేసి పంపాను. గోడ దగ్గర వచ్చినవాటిని సరిచూసే గుమాస్తా ఒకటుంది. మనిషి కాదు, అది కూడా యంత్రమే. ‘వరుసలు చెదిరాయి’ అని తిప్పికొట్టింది. అందరికీ ఒకే గుర్తు పెట్టి పంపాను. ‘మనుషులు కలిసిపోయారు’ అంది. మా తాతను వేలిముద్రకు తిప్పించుకున్న గుమాస్తాలు కూడా ఇంత సతాయించి ఉండరు.

చివరికి ఒక్కొక్కరికి ఒక్కో కూరగాయ పేరు పెట్టాను. ఎవరి కూరగాయ మొదటినుంచి చివరిదాకా వాళ్ళదే. ఏడుకొండలు బాబాయ్ గుమ్మడికాయ, కోటమ్మ వదిన కాకరకాయ, నేను కంద. కొన్ని వరుసల్లో మాత్రం యంత్రం పేరే రాయలేదు, అన్నిట్లో ఒకటే అంకెలున్నాయి. అత్తగారికి మతిమరుపు వచ్చిందనుకుని వాటన్నిటికీ పొట్లకాయ అని పెట్టేశాను. ఈసారి గుమాస్తా నోరెత్తలేదు.

రేపు తెప్ప వాళ్ళందరికీ చదివి వినిపించాలి. పదిమంది సొంత సంగతులు తెప్ప దాటాలంటే అందరూ విని సరేననడం మా పద్ధతి. ఒక్కరు వద్దన్నా ఆగిపోతుంది.

4. బుధవారం, పొద్దున

పొద్దున మళ్ళీ నీళ్ళు ఆగాయి. బిందెల దగ్గరే నిలబడి లాగ్ చదివాను.

మూడో వరుసకే కోటమ్మ వదిన పట్టేసింది. “మధ్యానం మూడు స్నానాలు చేసే బీరకాయ ఎవరే? మా ఆయన గదూ?”

“నేనెవరి పేరూ చెప్పలేదు వదినా.”

“చెప్పాలా ఏంటి? మన తెప్ప మీద ఇంకెవరికున్నాయంత సోకులు?”

అంతే, లాగ్ పక్కకు పోయి పొడుపుకథల పోటీ మొదలైంది. వంకాయ ఎవరో, దొండకాయ ఎవరో ఇట్టే చెప్పేశారు. పేర్లు దాచినంత మాత్రాన మనుషులు దాగరని నాకు అప్పుడు తెలిసింది. ఇరవై చిల్లర ఇళ్ళ వాళ్ళం, ఒకరి దగ్గు ఒకరికి తెలిసినవాళ్ళం. ఏడుకొండలు బాబాయ్ మూత్రం సంగతి వచ్చేసరికి ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరి కూరగాయలూ తేలాక ఒకటి మిగిలిపోయింది.

“పొట్లకాయ ఎవరు?” అన్నాడు బాబాయ్.

వెనక నుంచి వలలు అల్లే సలోమక్క గొంతు వినిపించింది. “నేనే.”

“నువ్వు ములక్కాడ గదా అక్కా. ఇందాకేగా ఒప్పుకున్నావ్” అంది కోటమ్మ వదిన.

“రెండూ నేనే. పగలొకటి, రాత్రొకటి. నీకేంటి ఇబ్బంది?”

అందరూ నవ్వారు. సలోమక్క నవ్వలేదు. ఆమె వేళ్ళు కొంగును మెలితిప్పుతున్నాయి. “ఇది పంపొద్దు. నాకిష్టం లేదు” అంది.

ఒక్కసారిగా నవ్వులు పోయి అరుపులు వచ్చాయి. పిల్లల గొంతులెండుతుంటే నీ పంతమేంటని తలా ఒక మాట అన్నారు. ఆమె కారణం చెప్పలేదు, మాట వెనక్కి తీసుకోలేదు. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. పద్ధతి పద్ధతే కాబట్టి నేను లాగ్ పంపలేదు. తిట్లలో సగం ఆమెకు, సగం నాకు వచ్చాయి.

5. బుధవారం, మధ్యాహ్నం

గొడవపడదామనే సలోమక్క ఇంటికి వెళ్ళాను. ఆమె తలుపు గడియ పెట్టి, అటక వైపు చూపించింది.

వలల కుప్ప మధ్య ఒక అమ్మాయి కూర్చుని ఉంది. సలోమక్క చెల్లెలి కూతురు. నెలరోజులుగా అక్కడే ఉందట. కుడిచేతి మణికట్టు విరిగి వంకరగా అతుక్కుంది. పేరు ఇక్కడ కూడా రాయను. వెనక్కి వెళ్ళి ఈ రాతలో ముందున్న పేర్లన్నీ ఇప్పుడే మార్చేశాను, నాది కూడా.

“మా ఆయన కూడా మీలాగే కాపరండి” అంది ఆ అమ్మాయి. “ఏ పూట అన్నం తినలేదో యంత్రంలో చూసి అడిగేవాడు. వచ్చేద్దామని నాలుగు రోజులు సీసాల్లో నీళ్ళు దాచుకున్నాను. అది కూడా లెక్కలో తేలిపోయింది. ఈ చెయ్యి అప్పటిదే.”

“పేరు తీసేశానమ్మా. పొట్లకాయంటే నువ్వని వాడికెట్టా తెలుస్తది?”

“పేరు పక్కన అంకెలుంటాయి కదండీ, ఒంటి గుర్తు. నా ఒంట్లో ఉప్పు, అదీ ఇదీ కలిపి యంత్రం కట్టుకునే గుర్తు. ఏ తెప్ప మీదైనా అదే ఉంటుంది. ఆయన దగ్గర నా గుర్తు ఉంది. పెట్టి వెతికితే చాలు.”

పేర్లకు కూరగాయలు పెట్టి మురిసిపోయాను గాని ఆ అంకెలు అంకెలే అనుకుని ముట్టుకోలేదు. సలోమక్క వద్దనకపోయి ఉంటే పొద్దున్నే పంపేసేదాన్ని.

“అతని పేరేంటి?” అన్నాను.

“ఫణికుమార్” అంది సలోమక్క.

ఇంటికొచ్చి గోడ తెరిచాను. ఈ నెలలో ఏ తెప్ప నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా దాని కింద అతను ఉన్నాడు. కుళాయి కారుతోందన్నా, దీపం వెలగడం లేదన్నా అతనిది ఒకటే మాట. నమస్కారం, కంగారుపడకండి, ఒక్క వరుస కూడా తీసేయకుండా పూర్తి లాగ్ పెట్టండి. జనం పెట్టారు కూడా, పాపం, థాంక్స్ చెప్పి మరీ.

6. గురువారం

యంత్రం ఎందుకు ఆగుతోందో ఇప్పుడు నాకు తెలుసు. పేరు లేని ఒంటి గుర్తు ఎదురైతే దానికి దిక్కు తోచడం లేదు. చుట్టాలెవరొచ్చినా ముందు మనుషుల జాబితాలో పేరు ఎక్కిస్తాం కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఈ అమ్మాయి పేరు ఎక్కిద్దామంటే ఆ జాబితా అన్ని తెప్పలకూ పోతుంది. దొంగపేరు పెట్టినా గుర్తు అదే. బాల్చీ వాడమందామంటే ఎన్ని బాల్చీలని? స్నానం చేసిన నీళ్ళు, నోరు పుక్కిలించిన నీళ్ళు, అన్నీ సాక్ష్యం చెబుతాయి.

తెలిసి ఏం లాభం? లోపలి రాత సరిచేయడం నాకు చేతకాదు, నూకరాజుకు చేతనవును. ఆయన లాగ్ లేనిదే కదలడు.

పొట్లకాయ వరుసలన్నీ తీసేసి, మిగిలినవాళ్ళ ఒంటి గుర్తులకు కూడా నోటికొచ్చిన అంకెలు వేసి, అందరికీ మళ్ళీ చదివి, సరేననిపించుకుని పంపాను. గుమాస్తా తీసుకుంది. పొద్దున్నంతా కూర్చుని చేసిన పనికి నూకరాజు రెండు ముక్కల్లో జవాబిచ్చాడు.

“ఇందల దోసమేటీ నేదు. నీ యంత్రం గుండ్రాయినాగ ఉంది. నా పొద్దు పాడుసెయ్యకు.”

నిజమే. దోషం ఉన్నదే ఆ అమ్మాయి వరుసల్లో. అవి తీసేస్తే యంత్రానికి రోగమే లేదు. పెడితే మనిషికి ప్రాణం ఉండదు. తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను.

కళ్ళు తుడుచుకునేసరికి ఫణికుమార్ మాట వచ్చి ఉంది.

“అక్కా, మధ్యలో కొన్ని వరుసలు తీసేసినట్టున్నారు. ఎవరివి? పెట్టడం ఇబ్బందైతే పర్వాలేదు. ఆదివారం నాకు ఖాళీ. పడవ వేసుకుని వచ్చి మీ యంత్రం నేనే స్వయంగా చూసిపెడతాను.”

కింద పదిమంది అతని మంచి మనసును మెచ్చుకున్నారు. ఏడుకొండలు బాబాయ్ పరుగున వచ్చాడు. “చూశావా, దేవుడల్లే వస్తన్నాడు. రమ్మని చెప్పు.”

“ఆదివారం లోపల నేనే బాగుచేయిస్తా బాబాయ్.”

“చెయ్యకపోతే?”

“అప్పుడే పిలుద్దువుగాని.”

7. శుక్రవారం

తెప్ప వెనక కట్టేసిన మరమ్మతు పడవలో ఒక చిన్న నీళ్ళ యంత్రం ఉంది. ఒక్క మనిషికి సరిపోయేది. పొద్దున అందులోకి మారాను. దాని జాబితాలో ఒక్క పేరూ లేకుండా చేశాను. తెప్ప జాబితాలోంచి కూడా నా పేరు చెరిపేశాను. ఇప్పుడు లోకంలో పేరు లేని మనిషిని నేనే.

తాగాను, స్నానం చేశాను, మిగతా పనులూ కానిచ్చాను. మధ్యాహ్నం దాటాక ఆ బుల్లి యంత్రం దగ్గి, తెర మీద ‘దోషం 41’ అని చూపించి ఆగిపోయింది. వారం రోజుల్లో మొదటిసారి నవ్వాను. ఈ లాగ్‌లో ఉన్నది నా ఒక్కదాని సంగతే. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నూకరాజుకు తప్పు పట్టే వీలు లేకుండా యంత్రాన్ని ముందే విడమరిచి రాసే పద్ధతిలో పెట్టాను. ఒంటి గుర్తు ఏ ఏ అంకెలతో కట్టిందో అవన్నీ రాసింది. పంపే ముందు ఒకసారి చదువుకున్నాను. ప్రొటీన్ అనే చోట ఎర్రగీత ఉంది. పక్కన యంత్రం తన మానాన తాను రాసుకుంది: కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, వెంటనే చూపించాలి.

కాసేపు పడవ అంచున కూర్చున్నాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళను నీళ్ళ కాపరిగా ఉంచరు. శుద్ధి మందుల ఆవిరి వాళ్ళకు విషం. ఈ పని తప్ప నాకు వేరే పని రాదు, వేరే ఇష్టమూ లేదు. నా కళ్ళముందు నా ఉద్యోగం పోతోంది, దాంతో ఇంకా ఏమేం పోతాయో తెలియదు.

ఆ ఒక్క అంకె మార్చి చూశాను. ఒంటి గుర్తుతో లెక్క కలవలేదని గుమాస్తా తిప్పికొట్టింది. గీత తీసేసి చూశాను. మళ్ళీ తిప్పికొట్టింది. దాన్ని ఎంత తిట్టానో ఇక్కడ రాయను.

ఆ తర్వాత నా పేరుతో, నా తెప్ప నంబరుతో, ఉన్నది ఉన్నట్టు పెట్టేశాను. కింద ఇలా రాశాను: ‘మా జాబితాలో నా పేరు పొరపాటున చెరిగిపోయింది. ఇన్నాళ్ళూ యంత్రం ఆగింది నా వల్లే. విడి యంత్రం మీద నేనొక్కదాన్నే ఉండి పరీక్షించాను.’

8. శనివారం

పొద్దున్నే నూకరాజు గొంతు.

“దొరికింది. గుర్తుకి పేరు నేకపోతే పేరు కోసం ఎతుకుతా ఎతుకుతా అక్కడే ఉండిపోతంది మాయదారి యంత్రం. పేరు దొరక్కపోయినా నీలు ఇచ్చీమని రాసాను. ఆ గుర్తు రాసుకోవద్దనీ రాసాను. ఎక్కించుకో.” ఆ తర్వాత, “అమ్మా, నీ లాగంతా సూసాను. ఇంక మందుల గదిలోకి ఎల్లకు” అన్నాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడడం గోడ మీద ఎవరూ విని ఉండరు.

ఎక్కించాను, నా పేరు కూడా మళ్ళీ జాబితాలో చేర్చాను. కుళాయిలన్నీ దగ్గి, ఉమ్మి, ధారకట్టాయి. తెప్ప మీద ఈలలు వేశారు.

ఫణికుమార్ ఊరుకోలేదు. “చాలా సంతోషం అక్కా. కానీ ఒక సందేహం. కాపరి పేరే జాబితాలోంచి ఎలా చెరుగుతుంది? తెప్ప యంత్రం అసలు లాగ్ కూడా పెడితే రెండూ పోల్చి చూద్దాం. రేపు వచ్చినప్పుడైనా చూస్తాను.”

వారం రోజులుగా గొంతులో పెట్టుకున్నదంతా వేళ్ళలోకి వచ్చింది. ‘చెయ్యి తగిలింది బాబూ. ఒక్క వరుస కూడా తీసేయకుండా పెట్టమన్నావు, పెట్టాను. నా ఉచ్చ లెక్కతో సహా చదువుకున్నావు. ఇంకెవరిది చదవాలని నీ ఆత్రం? యంత్రం బాగైంది. నువ్వు రానక్కర్లేదు.’

ఎక్కడో తూర్పు తెప్ప ఆవిడ రాసింది: “నిజమే, మా కుళాయి కారితే కూడా ఇతను పూర్తి లాగే అడిగాడు. ఎందుకో?” ఇంకొకరు మాకూ అంతే అన్నారు. ఇంకొకరు. నూకరాజు వచ్చి, “దోసం తీరింది, మూసేస్తన్నాను” అని ఫిర్యాదు మూసేశాడు. మూసినదాని కింద ఎవరూ మాట్లాడడానికి ఉండదు.

నేను మా యంత్రం పాత లాగ్ మొత్తం చెరిపేశాను. ఆదివారం రాత్రి ఈ ముక్క చేరుస్తున్నాను: ఏ పడవా రాలేదు.

9. పదిహేను రోజుల తర్వాత

ఆసుపత్రి ఓడ వచ్చి వెళ్ళింది. జబ్బు ఎప్పటినుంచి ఉందో తెలియాలి, పాత లాగ్ తెమ్మన్నాడు డాక్టరు. చెరిపేశానన్నాను. “ఎంత పని చేశావమ్మా” అని తలపట్టుకున్నాడు. నీళ్ళు కొలిచి తాగమన్నాడు. రోజుకు ఒక చిన్న చెంబు, అంతకు మించితే కాళ్ళు, మొహం, చివరికి ఊపిరితిత్తులు కూడా ఉబ్బుతాయట.

కాపరి పని పోయింది. జబ్బు కంటే ఎక్కువగా నన్ను చంపుతున్నది జనం మర్యాద. మొన్నటిదాకా తిట్టిన నోళ్ళే ఇప్పుడు కూర్చో అక్కా, తిన్నావా అక్కా అంటున్నాయి. నా ఒంటి సంగతి తెలియని మనిషి ఈ సముద్రం మీద లేడు. కోటమ్మ వదిన నా ప్రొటీన్ అంకె నాకంటే బాగా గుర్తుపెట్టుకుంది. విసుగు పుట్టి తలుపు మూసుకుంటే, పాపం కిడ్నీలు కదా అని తలుపు అవతల నుంచి అంటారు.

కొత్త కాపరి ఏడుకొండలు బాబాయ్ మనవరాలు ధనమ్మ. మహా శ్రద్ధ గల పిల్ల. ఇవాళ పొద్దున పలక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

“పిన్నీ, ఎన్నిసార్లు లెక్కేసినా రోజూ ఒక మనిషి నీళ్ళు ఎక్కువ పోతన్నాయి. యంత్రాన్నడిగితే తెలీదంటంది. ఎక్కడో కారతందేమో, ఇంటింటికీ వెళ్ళి చూద్దామనుకుంటన్నా. సలోమి పెద్దమ్మ అటక మీద గొట్టం పాతదంట గదా, ముందు అక్కడ మొదలెడతా.”

“ఎక్కడా కారట్లేదు. నేనే తాగుతున్నా” అన్నాను.

“నువ్వా?”

“డాక్టరు బాగా తాగమన్నాడు. కిడ్నీ మనిషిని గదా. నమ్మకం లేకపోతే నా లాగ్ గోడ మీదే ఉంది, చూస్కో.”

ధనమ్మ మొహం జాలితో నిండిపోయింది. చూడక్కర్లేదులే పిన్నీ అంటూ అక్కడే నిలబడి, పలక మీద నా పేరు పక్కన ఇద్దరి నీళ్ళు అని రాసుకుంది. వెళ్తూ వెళ్తూ నా చెంబు ఖాళీగా ఉండడం చూసి, అంచుదాకా నింపి పెట్టింది.

ఆ చెంబు ఎదురుగానే ఉంది. నాలుక పిడచకట్టుకుపోతోంది. ఇవాళ్టికి నా వాటా అయిపోయింది.